ఆగమని కొట్టిన చెయ్యి

ఆవిడ పోయిందని ఫోనొచ్చినప్పుడు నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "ఎవర్ని కొట్టింది?" అని.

ఫోన్ చేసింది ఆవిడ తమ్ముడి కోడలు. "ఎవర్నీ కొట్టలేదండీ. పొద్దున్న లేపితే లేవలేదు. నిద్దట్లోనే పోయారు," అంది.

నాకు నమ్మబుద్ధి కాలేదు. లారీ డ్రైవరుతో కలబడి పోయిందన్నా, పిచ్చికుక్క గొంతు పట్టుకుని పోయిందన్నా నమ్మేవాణ్ణి. నిద్దట్లో పోవడం ఆవిడ చేసే పని కాదు.

నేనూ, నా భార్య సుజాతా చల్లపల్లి దాకా బస్సులో వెళ్ళి, అక్కణ్ణించి ఆటోలో వాళ్ళ ఊరు చేరాం. వసారాలో చాప మీద పడుకోబెట్టారు. పిడికిళ్ళు రెండూ బిగుసుకునే ఉన్నాయి. ఆడవాళ్ళు విప్పబోయి, వల్లకాక వదిలేశారట. సుజాత వెళ్ళి ఆ కుడి పిడికిలిని రెండు చేతుల్లోకీ తీసుకుని కూర్చుంది. ఎవరో పెద్దావిడ, "ఎవరమ్మా మీరు? చుట్టాలా?" అని అడిగితే, "కాదండీ. మా ఆయన పక్కటెముకలు విరగ్గొట్టింది ఈవిడే," అని చెప్పి భోరుమంది.

ఆవిడ పేరు రాయను. "నా గురించి ఎక్కడైనా రాశావంటే ఆ చేతులు విరిచి పొయ్యిలో పెడతా," అని ఒకసారి అంది. పోయిన మనిషే అయినా ఆ మాటంటే నాకింకా జంకే. పటమటలో పొద్దున్నే నడిచేవాళ్ళూ పరిగెత్తేవాళ్ళూ అందరూ మేడమ్ అనేవాళ్ళు. ఉయ్యూరు దగ్గర హైస్కూల్లో ఆటల టీచరుగా చేసి, రిటైరయ్యాక బెజవాడ వచ్చి ఒక్క గదిలో ఉండేది. ఆఖర్నే తమ్ముడి దగ్గరికి వెళ్ళింది. వయసులో ఉండగా కబడ్డీ ఆడింది. పొట్టి మనిషి, మగాడి భుజాలు. ముక్కు దూలం విరిగి ఎడమవైపుకి తిరిగి ఉండేది. కుడిచేతి చిటికెనవేలు, ఉంగరంవేలు ఎప్పుడో విరిగి ఎవరూ సరిగ్గా కట్టక అడ్డదిడ్డంగా అతుక్కున్నాయి. బుగ్గన ఎప్పుడూ ఒక పచ్చి అల్లం ముక్క. చేతిలో మూడడుగుల పేము బెత్తం.

ఆవిడ దగ్గర మాటకంటే ముందు చెయ్యి వచ్చేది. నమస్కారం పెట్టినవాణ్ణి వీపు మీద చరిచేది. మనిషి నచ్చితే ఇంకా గట్టిగా చరిచేది. కాలువ గట్టు మీద రాంగ్ సైడులో దూసుకొచ్చిన బైకుకి ఎదురెళ్ళి హ్యాండిల్ పట్టుకుని, నడిపేవాణ్ణి కాలరు పట్టి దింపి, చెవి మెలేసి బండి తోయించింది, నా కళ్ళతో చూశాను. వాడు ఆవిడకంటే అడుగున్నర ఎత్తు.

అసలు ఆవిడ నాకు తెలిసింది నేను చచ్చిన రోజున.

నేను డిగ్రీ కాలేజీలో ఫిజిక్సు చెప్తాను. ఇల్లు గుణదల. నలభై అయిదో ఏట డాక్టరు సుగరు గీత దాటబోతోందంటే భయపడి పరుగు మొదలుపెట్టాను. రెండేళ్ళకి భయం పోయి పొగరు మిగిలింది. ఎవరు దాటి వెళ్ళినా ఊరుకునేవాణ్ణి కాదు. ఆ ఏడు చలికాలంలో మా ఊళ్ళో హాఫ్ మారథాన్ పెట్టారు. ఇరవై ఒక్క కిలోమీటర్లు. పద్నాలుగో కిలోమీటరు దగ్గర ఎడమ దవడలో నొప్పి మొదలైంది, పుచ్చిపన్ను సలిపినట్టు. చలికేమో అనుకున్నాను. అంతలో పక్కనించి ఒక పెద్దావిడ, చున్నీ నడుముకి బిగించి కట్టుకుని, హుఁ హుఁ అంటూ నన్ను దాటబోయి, తల తిప్పి నా మొహం చూసింది.

"సున్నం కొట్టినట్టుంది నీ మొహం. ఆగు," అంది.

ఎవరో కూడా తెలీదు. నాకు తిట్టినట్టనిపించింది. ఆగలేదు సరికదా, పళ్ళు బిగించి ఆవిణ్ణి దాటి వెళ్ళాను. వెనకనించి "ఆగమంటే ఆగవేరా సన్నాసీ!" అన్న కేక వినపడింది. ఆ కోపంతో ఇంకో మూడు కిలోమీటర్లు లాగాను. బందరు రోడ్డు మీద ఒక టిఫిన్ హోటలు బోర్డు చదువుతూ చదువుతూ ఉండగా అక్షరాలు చెరిగిపోయాయి. అంతవరకే నాకు తెలుసు.

తర్వాతదంతా వీడియోలో చూశాను. రోడ్డు పక్కన ఎవరో తీశారు. నేను బోర్లా పడ్డాను, పై పళ్ళు రెండు తారుకి కొట్టుకుని విరిగాయి. జనం మూగారు. ఒకాయన నన్ను వెల్లకిలా తిప్పి నోట్లో నీళ్ళు పోస్తున్నాడు. ఇంకొకాయన ఫిట్సు అనుకుని తాళాల గుత్తి నా గుప్పిట్లో పెట్టి బిగిస్తున్నాడు. అప్పుడు ఆవిడ వచ్చింది. నీళ్ళ సీసాని కాలితో తన్నింది. అది వెళ్ళి ఎదురు షాపు షట్టరుకి కొట్టుకుంది. తాళాలాయన్ని మెడ పట్టి వెనక్కి లాగి పడేసింది. నా చొక్కా చించి, మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టి నా రొమ్ము మీద పడింది. పడింది అనే అనాలి. తన ఒంటి బరువంతా వేసి కుమ్ముతోంది. ఎముక విరిగిన చప్పుడు వీడియోలో వినపడుతుంది, పచ్చి కట్టె విరిచినట్టు. జనంలోంచి "అయ్యయ్యో, చంపేస్తోంది, పట్టుకోండి," అన్నారు. ఒక భారీ మనిషి ఆవిడ భుజం పట్టి లాగాడు. ఆవిడ కుమ్మడం ఆపకుండానే మోచెయ్యి వెనక్కి విసిరింది. అతని పెదవి చీలి రక్తం చొక్కా మీద కారింది. మళ్ళీ ఎవరూ దగ్గరికి రాలేదు.

అంబులెన్సు వచ్చి షాకిచ్చేదాకా ఆవిడ కుమ్ముతూనే ఉంది, తిడుతూనే ఉంది. "లేరా! ఆగమన్నప్పుడు ఆగవు గానీ ఇప్పుడు ఆగుతావురా? లే!" ఆ తిట్లు వినలేక వీడియోని శబ్దం లేకుండా చూసుకునేవాణ్ణి. ఆ తర్వాత అలా కూడా చూడలేకపోయాను.

స్టెంటు వేశారు. మూడో రోజు ఆవిడ ఆసుపత్రికి వచ్చింది. సుజాత కాళ్ళకి దణ్ణం పెట్టబోతే భుజం పట్టి లేపి పక్కకి నెట్టింది. నా మంచం పక్కన నిలబడి, "ఎన్ని విరిగాయి?" అంది.

"నాలుగండీ."

"దవడ నొప్పి ఎప్పుడు మొదలైంది?"

"మీరు ఆగమన్నారే, దానికి కాస్త ముందు."

"మరెందుకు ఆగలేదు?"

అబద్ధం చెప్పొచ్చు. కానీ ఆ మొహం చూస్తే రాలేదు. "మీరు దాటిపోతారని," అన్నాను.

చెంప ఛెళ్ళుమంది. సెలైన్ స్టాండు ఊగింది. విరిగిన పక్కటెముకల్లో నొప్పి ఎగదన్ని నేను కేక పెట్టాను. నర్సు పరిగెత్తుకొచ్చింది. సుజాత రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని గోడకి అంటుకుపోయింది. ఆవిడ మాత్రం మామూలుగానే, "మందులు మానకు," అని చెప్పి వెళ్ళిపోయింది.

నెల తిరక్కముందే డాక్టరు మెల్లగా నడవమన్నాడు. అయిదు నెలలయ్యాక నాడి నూట ఇరవై దాటకుండా చిన్న చిన్న పరుగు పెట్టొచ్చన్నాడు. నాకేమో వీధి చివరిదాకా వెళ్తే చెమటలు పట్టేవి. రోజంతా మణికట్టు పట్టుకుని నాడి చూసుకునేవాణ్ణి. పాఠం చెప్తూ చెప్తూ బోర్డు దగ్గర ఆగి చూసుకుంటే పిల్లలు నవ్వేవారు. పరుగు బూట్లు ఒకరోజు కనపడలేదు. అడిగితే సుజాత, "ఏలూరు కాలువలో పారేశాను. మీరూ దూకుతారా వాటికోసం?" అంది.

ఆ ఆదివారమే మేడమ్ ఇంటికి వచ్చింది. గుమ్మంలోనే నిలబడి, "రేపు పొద్దున్న అయిదున్నరకి కాలువ కట్ట మీదికి రా," అంది నాతో.

సుజాత వంటింట్లోంచి వచ్చి అడ్డం నిలబడింది. సుజాత ఎవరితోనూ గొంతెత్తి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. "ఒకసారి బతికించారు. జన్మంతా రుణపడి ఉంటానండి. మళ్ళీ చంపడానికి తీసుకెళ్తానంటే మాత్రం ఒప్పుకోను," అంది.

దెబ్బ పడుతుందని భయపడి నేను లేచాను. మేడమ్ సుజాత వంక చూసి, లోపలికొచ్చి, "బియ్యం బస్తా ఎక్కడుంది?" అని అడిగింది. తనే వెతికి, ఇరవై అయిదు కిలోల బస్తాని వంటింట్లోంచి ఈడ్చుకొచ్చి హాలు మధ్యలో పడేసింది.

"కూర్చో అమ్మాయ్. ఇది నీ మొగుడనుకో. పడిపోయాడు. పిలిస్తే పలకడం లేదు, ఊపిరి లేదు. ఒకళ్ళని అంబులెన్సుకి ఫోన్ చెయ్యమన్నావు. ఇప్పుడు చేతులిలా పెట్టు. మోచేతులు వంచకు. కొట్టు."

సుజాత మెల్లగా నొక్కింది.

"వీపు రుద్దుతున్నావా? కొట్టమన్నాను!"

"విరుగుతాయేమోనండీ..."

"విరగనీ. విరిగిన ఎముక అతుక్కుంటుంది. ఆగిన గుండె అతుక్కోదు. కొట్టు!"

సుజాత కొట్టింది. ఇంకా గట్టిగా కొట్టింది. కొంతసేపటికి తన జడ ఊడిపోయింది, గాజు ఒకటి చిట్లి మణికట్టు కోసుకుపోయింది, అయినా ఆపలేదు. "ఎందుకు ఆగలేదు? ఆవిడ ఆగమంటే ఎందుకు ఆగలేదు? మేం గుర్తు రాలేదా?" అని బస్తాని అడుగుతూ ఏడుస్తూ కుమ్ముతోంది. ఇరవై రెండేళ్ళ కాపురంలో నా మీద సుజాతకి అంత కోపం వచ్చిందని నాకు తెలీదు. చివరికి కుట్టు తెగి బస్తా పగిలింది. బియ్యం హాలంతా చిమ్మాయి. రక్తం చుక్కలు పడిన చోట గింజలు ఎర్రగా అయ్యాయి.

"నేర్చుకుంది," అంది మేడమ్ నాతో. "ఇక నువ్వు పడినా పరవాలేదు. రేపు అయిదున్నరకి."

ఇద్దరూ నేల మీద కూర్చుని బియ్యం ఎత్తుకున్నారు. వాళ్ళు ఏం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు. మర్నాడు పొద్దున్న గుమ్మం దగ్గర కొత్త బూట్లున్నాయి.

ఆ తర్వాత ఏడాదిన్నర పాటు ఆవిడ వెనక పరిగెత్తాను. వెనక అంటే వెనకే, ముందుకి వెళ్ళనిచ్చేది కాదు. నా చేతి గడియారం నాడి నూట ఇరవై దాటితే బీప్ మనేది. ఆ చప్పుడు వినపడగానే వెనక్కి తిరిగి బెత్తంతో పిక్క మీద ఒకటి వేసేది. రక్తం పల్చబడడానికి నేను మాత్రలు వేసుకుంటాను కదా, దెబ్బ పడినచోటల్లా నేరేడుపండు రంగులో కమిలిపోయేది. పరీక్షకి వెళ్తే డాక్టరు నా కాళ్ళు చూసి గొంతు తగ్గించి, "ఇంట్లో ఏమైనా గొడవలా సార్?" అని అడిగాడు.

కట్ట మీద ఆవిడ కలబడని జీవం లేదు. మీదికొచ్చిన కుక్కలు, ఎద్దు తోక మెలేసేవాళ్ళు, నీళ్ళలోకి చెత్త సంచులు విసిరేవాళ్ళు. కలబడి వచ్చాక ఊపిరి మామూలుగానే ఉండేది. "కోపాన్ని లోపల పెట్టుకోకు, గుండెకి మంచిది కాదు," అని నాకు చెప్పేది. నేను నవ్వితే మళ్ళీ ఒక దెబ్బ.

ఎండాకాలం మొదట్లో ఒకరోజు కంకిపాడు వైపు వెళ్ళాం. ఏడున్నరకే ఎండ చురుక్కుమంటోంది. రోడ్డు పక్కన ఏదో స్కూలు గ్రౌండులో ఆడపిల్లల చేత రౌండ్లు కొట్టిస్తున్నారు. చివర్న ఒక బొద్దు పిల్ల, పన్నెండేళ్ళుంటాయేమో, నడుం పట్టుకుని ఆగిపోయింది. ఆటల మాస్టారు వెళ్ళి కర్రతో పిక్కల మీద కొట్టాడు. పిల్ల నాలుగడుగులు పరిగెత్తి మళ్ళీ ఆగింది. మళ్ళీ కొట్టాడు.

మేడమ్ గేటు తోసుకుని వెళ్ళింది. నేను వెనక పరిగెత్తాను, గడియారం కూస్తూనే ఉంది. ఆవిడ అతని చేతిలో కర్ర లాక్కుని అతన్నే కొట్టడం మొదలుపెట్టింది. భుజాల మీద, తొడల మీద, అడ్డం పెట్టిన చేతుల మీద. కర్ర విరిగింది. విరిగిన ముక్కతో కొట్టింది. అతను కిందపడ్డాక కాలెత్తింది. అప్పుడు చూశాను ఆవిడ మొహం. మామూలుగా కొట్టేటప్పటి మొహం కాదది, ఎదురుగా ఉన్న మనిషిని చూడని మొహం. నేను వెనకనించి రెండు చేతులూ వేసి పట్టుకున్నాను. వాచ్‌మన్, నేను కలిసి గేటు దాకా లాక్కొచ్చాం. వస్తూ వస్తూ ఆ బొద్దు పిల్లతో, "కూర్చో! ఎవడు లేపినా లేవకు!" అని అరిచింది. పిల్ల హడలిపోయి ఎర్రమట్టిలో చతికిలబడింది.

కాలువ మెట్ల మీద కూర్చున్నాక, నీళ్ళతో మొహం కడుక్కుని, నేనడక్కుండానే చెప్పింది.

"నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. మండలం పోటీలకి పిల్లల్ని తయారు చేస్తున్నా. ఎనిమిదో తరగతి పిల్ల, గాలిలా పరిగెత్తేది. ఆ రోజు రెండో రౌండులో ఆగి, 'మేడమ్, ఊపిరాడట్లేదు' అంది. 'నాటకాలాడకు' అన్నా. బెత్తంతో పిక్కల మీద కొట్టా. ఇంకో రౌండు పరిగెత్తింది. పడిపోయింది."

ఆవిడ చున్నీతో మొహం తుడుచుకుంది.

"నీళ్ళు చల్లాం. చేతిలో తాళాలు పెట్టాం. నాకేమీ తెలీదు. గ్రౌండులో నిలబడి చూశా, అంతే. సాయంత్రం వాళ్ళ నాన్న వచ్చాడు. స్కూలంతా చూస్తుండగా నన్ను కొట్టాడు. హెడ్మాస్టరు అడ్డం రాబోతే నేనే వద్దన్నా. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డా." ముక్కు దూలం మీద వేలు పెట్టింది. "కబడ్డీలో విరిగిందనుకుంటారు అందరూ."

కేసేమీ పెట్టలేదట. పుట్టుకతోనే గుండెలో లోపముందని తర్వాత డాక్టర్లు చెప్పారట. "అది నాకు ఓదార్పా?" అంది. ఆ ఎండాకాలం సెలవుల్లో బెజవాడ వచ్చి, ఒక నర్సుని బతిమాలి, గుండె ఆగితే ఏం చెయ్యాలో నేర్చుకుంది. నేర్చుకున్నది మొదటిసారి పనికొచ్చింది నా మీదేనట, ముప్ఫయ్యేళ్ళు దాటాక.

"మరి ఇప్పటికీ కొడతారే?" అని అడిగేశాను. అడిగాక నాలుక కరుచుకున్నాను.

ఆవిడ నా వంక చూడలేదు. "అప్పుడు పరిగెత్తమని కొట్టా," అంది. "ఈ చెయ్యి ఊరుకోదు. ఊరుకోనప్పుడు కనీసం ఆగమని కొట్టనీ."

ఆ చలికాలం డాక్టరు సరేనన్నాక మళ్ళీ అదే హాఫ్ మారథాన్‌కి పేరిచ్చాను. సుజాత చివరి గీత దగ్గర నిలబడతానంది. మేడమ్ నా ముందు, నేను వెనక. పదిహేను దాకా గడియారం ఒక్కసారి కూడా కూయలేదు. పదహారో కిలోమీటరు దాటాక ఎడమ దవడలో ఏదో కదిలింది. నొప్పి కాదు. నొప్పి కాదని కూడా చెప్పలేను. ఇంకో అయిదే కిలోమీటర్లు. పక్కనించి మనుషులు దాటిపోతున్నారు. పెద్ద పొట్టున్న ఒకాయన దాటాడు. కాళ్ళు వాటంతటవే వేగం పెంచబోయాయి.

ఆగాను. ఫుట్‌పాత్ అంచు మీద కూర్చున్నాను.

నా అడుగుల చప్పుడు వినపడక ఆవిడ వెనక్కి తిరిగింది. పరిగెత్తుకొచ్చింది. అంబులెన్సుని చెయ్యెత్తి పిలిచి, నన్ను ఎక్కించి, ఈసీజీ తీసినంతసేపూ తలుపు పట్టుకుని నిలబడింది. అంతా మామూలుగానే ఉందన్నారు. భయమే అయుండొచ్చు, కావాలంటే మెల్లగా నడిచి వెళ్ళమన్నారు.

నాకు సిగ్గేసింది. కిందికి దిగి, "అనవసరంగా ఆగాను మేడమ్," అన్నాను.

ఆసుపత్రిలో కొట్టింది లెక్కలోకి రాదు. ఈసారి కళ్ళు బైర్లు కమ్మాయి. చెవిలో హోరు పుట్టింది, నోట్లో ఉప్పగా తగిలింది. పరిగెత్తేవాళ్ళు ఇద్దరు ఆగి, "ఏంటండీ ఇది, పేషెంటుని కొడతారా?" అని మీదికొచ్చారు. ఆవిడ వాళ్ళని ఏమీ అనలేదు. అదే మొదటిసారి నేను చూడడం, ఎవరో మీదికొస్తే ఆవిడ చెయ్యెత్తకపోవడం.

"అనవసరంగానా?" అంది. "అనవసరంగా అంటావా?" ఫుట్‌పాత్ మీద కూలబడి, మోకాళ్ళ మీద తల పెట్టుకుని, "నాగమణీ," అంది. "కూర్చోవే తల్లీ. కూర్చోవే నాగమణీ."

ఆ పిల్ల పేరు ఆవిడ నోట వినడం అదొక్కసారే. నేను పక్కన కూర్చున్నాను. చాలాసేపు కూర్చున్నాం. పరిగెత్తేవాళ్ళు అయిపోయి, నడిచేవాళ్ళు కూడా అయిపోయి, రోడ్డు మీద ఆటోలు వదిలారు. అప్పుడు లేచి, ఇద్దరం పక్కపక్కనే నడిచాం. ఆవిడ పక్కన నడవడం కూడా నాకదే మొదటిసారి.

మేం చేరేసరికి బ్యానర్లు విప్పేస్తున్నారు. సుజాత ఒక్కతే నిలబడి ఉంది. నా మొహంకేసి చూసింది. చెంప మీద అయిదు వేళ్ళూ నల్లగా తేలి ఉన్నాయి, పెదవి చివర రక్తం ఎండింది. ఆవిడ వంక చూసింది. ఎర్రబడ్డ కళ్ళు, వేలాడిపోయిన చెయ్యి.

ఏమైందని అడగలేదు. "ఆగారా?" అంది.

"ఆగాను," అన్నాను.

సుజాత వెళ్ళి ఆ చెయ్యి పట్టుకుంది.